ఎల్లలు దాటినా వెంటవచ్చే తప్పు

రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదలలేదని సామెత. ఊరు మారితే గ్రహచారం కూడా మారుతుందని ఆశపడే మనిషిని చూసి మన పెద్దలు అన్న మాట ఇది. ఈ కాలంలో ఆ సామెత చక్కగా అతికేది మోటారు వాహన చోదకుడికి. ఒక రాష్ట్రంలో అతివేగంగా కారు నడిపి పట్టుబడినవాడు, మద్యం సేవించి బండి నడిపి న్యాయస్థానం మెట్లెక్కినవాడు, జరిమానా కాగితాన్ని మడిచి జేబులో వేసుకొని మరచిపోయినవాడు తన మకాం మరో రాష్ట్రానికి మార్చాడనుకుందాం. అతని తప్పు సరిహద్దు వద్దనే ఆగిపోతుందా? లేక సామానులతోబాటు అదికూడా కొత్త ఊరికి చేరుతుందా?

ప్రశ్న స్వల్పంగానే కనిపిస్తుంది. కాని దాని జవాబుపై ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది దుర్మరణం పాలయ్యారు. ఏదో ఒకనాడు పొరపాటు చేసే చోదకుడు వేరు. పదేపదే అదే తప్పు చేసే చోదకుడు వేరు. ఈ రెండవ తరగతివానిని గుర్తించి, ప్రమాదం జరగకముందే అతని చేతినుండి చక్రాన్ని తప్పించడమే లైసెన్సు విధానపు పరమార్థం. అందుకు అతని పూర్వచరిత్ర అధికారులకు తెలిసి ఉండాలి. ఆ చరిత్ర రాష్ట్రపు పొలిమేరలోనే నిలిచిపోతే, పొలిమేర దాటిన ప్రతివాడూ కొత్త పెళ్ళికొడుకే.

యాభై రాష్ట్రాలు, యాభై ఖాతాలు

ఈ చిక్కును తొలుత పెద్దయెత్తున ఎదుర్కొన్నది అమెరికా. ఆ దేశంలో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది కాదు; ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. మకాం మార్చినవారు కొత్త రాష్ట్రంలో కొత్త లైసెన్సు పుచ్చుకొని పాతదానిని అప్పగించాలి. ఇందుకు కాలిఫోర్నియా ఇచ్చే గడువు 10 రోజులు. టెక్సాస్ ఇచ్చే గడువు 90 రోజులు. ఉద్యోగరీత్యా న్యూజెర్సీ నుండి టెక్సాస్‌కు, అక్కడినుండి కాలిఫోర్నియాకు సంసారాన్ని తరలించే తెలుగు కుటుంబాలకు ఈ తతంగం సుపరిచితమే.

మోటారు కార్లు విస్తరించిన తొలి దశాబ్దాలలో ఈ ఏర్పాటు తప్పించుకు తిరిగేవారికి వరమైంది. ఒక రాష్ట్రంలో లైసెన్సు రద్దయినవాడు పొరుగు రాష్ట్రానికి వెళ్ళి, ఏమీ ఎరగనట్లు దరఖాస్తు పెట్టుకొని మరొకటి సంపాదించగలిగేవాడు. లారీ చోదకులలో కొందరు పలు రాష్ట్రాల లైసెన్సులను ఒకేసారి జేబులో ఉంచుకొనేవారు. పట్టుబడినప్పుడల్లా ఒక్కొక్కటి చూపేవారు. తప్పులు అన్నింటిమీదా సర్దుకుపోవడంవల్ల ఏ ఒక్క లైసెన్సూ రద్దయ్యేటంత బరువెక్కేది కాదు.

దీనికి విరుగుడుగా 1960లో అమెరికా శాసనసభ జాతీయ చోదకుల పట్టికను నెలకొల్పింది. లైసెన్సు రద్దయినవారి, నిరాకరింపబడినవారి పేర్లను రాష్ట్రాలు ఆ పట్టికకు పంపేవి. 1982లో దాని స్వరూపాన్నే మార్చివేశారు. చోదకుని చరిత్ర అంతా ఒకచోట పోగుచేయడం మాని, ఫలానా మనిషి చరిత్ర ఫలానా రాష్ట్రంలో ఉన్నదని చెప్పే చూపుడువేలు వంటి సూచికగా దానిని తీర్చిదిద్దారు. ఎవరైనా కొత్తగా లైసెన్సు కోరినప్పుడు గుమాస్తా ఆ సూచికను చూస్తాడు. పేరు కనబడితే అసలు వివరాలు పాత రాష్ట్రాన్ని అడిగి తెప్పించుకుంటాడు.

దీనికి తోడుగా రాష్ట్రాలు తమలో తాము రెండు ఒడంబడికలు చేసుకొన్నాయి. 1960 దశకం ఆరంభంలో రూపొందిన మొదటి ఒడంబడిక సారాంశాన్ని మూడు ముక్కలలో చెప్పవచ్చు: ఒక చోదకుడు, ఒక లైసెన్సు, ఒక చరిత్ర. పరాయి రాష్ట్రపు చోదకునికి శిక్ష పడితే ఆ సమాచారాన్ని అతని సొంత రాష్ట్రానికి పంపాలి. వాహనంతో ప్రాణం తీయడం, మత్తులో నడపడం, వాహనాన్ని ఘోరనేరానికి వాడటం, మనిషిని గాయపరచి లేదా చంపి ఆగకుండా పోవడం — ఈ నాలుగింటిని సొంత గడ్డపై జరిగిన నేరాలుగానే సొంత రాష్ట్రం పరిగణించాలి.

రెండవది 1977 నాటిది. అంతకుపూర్వం పరాయి రాష్ట్రపు కారును ఆపిన పోలీసులు, ఆ మనిషి మళ్ళీ కంటబడడన్న భయంతో అక్కడికక్కడే రొక్కం కట్టించుకోవడమో, న్యాయాధికారి ముందుకు తీసుకుపోవడమో చేసేవారు. ఈ ఒడంబడిక వచ్చిన తరువాత, సంతకం పెట్టి కాగితం తీసుకొని వెళ్ళిపోవచ్చు. అయితే ఇంటికి చేరి ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తే, సొంత రాష్ట్రమే లైసెన్సును నిలిపివేస్తుంది. బాకీ తీర్చేవరకు దానిని తిరిగి ఇవ్వదు. ఈ రెండు ఒడంబడికలలోనూ నలభైకి పైగా రాష్ట్రాలు చేరాయి. లారీ, బస్సు చోదకుల విషయంలో మాత్రం కేంద్రమే కలుగజేసుకొని 1986లో ప్రత్యేక శాసనం చేసింది. ఒకరికి ఒక్క లైసెన్సే ఉండాలని కట్టడిచేసి, వారి చరిత్రలను దేశవ్యాప్తంగా అనుసంధానించింది.

ఇంత చేసినా ఏకరూపత పూర్తిగా రాలేదు. కొన్ని రాష్ట్రాలు ఈ ఒడంబడికలకు దూరంగా ఉండిపోయాయి. తప్పులకు మార్కులు వేసే పద్ధతి కూడా ఒక్కొక్కచోట ఒక్కొక్క విధం. న్యూయార్క్ రాష్ట్రాన్ని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సాధారణ అతివేగపు నేరం పొరుగు అమెరికన్ రాష్ట్రంలో జరిగితే ఆ రాష్ట్రం తన చోదకునికి మార్కులు వేయదు. అదే నేరం విదేశమైన కెనడాలోని ఒంటారియోలోనో, క్విబెక్‌లోనో జరిగితే వేస్తుంది. ఆ రెండు పరగణాలతో ప్రత్యేక ఏర్పాటు ఉండటమే ఇందుకు కారణం.

పెట్టెలలో నిద్రించిన హెచ్చరికలు

చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదనీ, కాగితాన్ని చదివే మనిషికూడా ఉండాలనీ 2019లో ఒక దుర్ఘటన చాటిచెప్పింది. ఆ ఏడు జూన్ 21న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని రాండాల్ఫ్ వద్ద, వెనుక ట్రైలరు తగిలించుకొని వస్తున్న ఒక ట్రక్కు, ఎదురుగా వస్తున్న మోటారు సైకిళ్ళ బృందాన్ని ఢీకొన్నది. ఏడుగురు మరణించారు. ట్రక్కు నడిపిన యువకుని లైసెన్సు పొరుగునున్న మసాచుసెట్స్ రాష్ట్రం ఇచ్చినది.

అతడు అంతకు ఆరువారాల ముందు, మే నెలలో, కనెక్టికట్ రాష్ట్రంలో మత్తులో వాహనం నడిపాడన్న ఆరోపణపై అరెస్టయ్యాడు. పరీక్షకు నిరాకరించాడు. ఆ సంగతిని కనెక్టికట్ మసాచుసెట్స్‌కు తెలియజేసింది కూడా. నిబంధనల ప్రకారం అతని లైసెన్సు అప్పటికే నిలిచిపోవలసింది. కాని ఆ సమాచారంపై ఎవరూ చర్య తీసుకోలేదు. జూన్ 21న లైసెన్సు అతని జేబులోనే ఉన్నది.

విచారణ ప్రారంభమయ్యాక బయటపడిన విషయం మరింత దారుణమైనది. ఇతర రాష్ట్రాలనుండి తపాలాలో వచ్చిన హెచ్చరిక పత్రాలను 2018 మార్చి నుండి మసాచుసెట్స్ అధికారులు తెరచి చూడటమే మానివేశారు. వేల సంఖ్యలో కాగితాలు పెట్టెలకెత్తి ఒక గదిలో పడవేశారు. తాము ఇతర రాష్ట్రాలకు పంపవలసిన సమాచారాన్ని కూడా సక్రమంగా పంపలేదని తేలింది. శాఖాధిపతి రాజీనామా చేశారు. ఆ పెట్టెలు విప్పి చదవగానే వందలాది చోదకుల లైసెన్సులు నిలిపివేయవలసి వచ్చింది. అంతవరకు వారందరూ నిశ్చింతగా రోడ్లపై తిరుగుతూనే ఉన్నారు.

న్యాయం కోసం ఇక్కడ ఒక మాట చేర్చాలి. 2022 ఆగస్టులో జ్యూరీ ఆ యువకుణ్ణి ఆ మరణాల విషయంలో నిర్దోషిగా నిర్ణయించింది. ప్రమాదానికి కారకులెవరన్నది న్యాయస్థానం తేల్చవలసిన ప్రశ్న. ఆనాడు ఆ మనిషి చేతిలో లైసెన్సు ఉండవచ్చునా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కార్యాలయంలోనే ఉన్నది, చదివినవారే లేరు.

ఒక దేశం, ఒక లైసెన్సు

మన దేశం ఈ విషయంలో వేరే దారి తొక్కింది. యంత్రంతో నడిచే వాహనాలను మన రాజ్యాంగం కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి జాబితాలో చేర్చింది. అందువల్ల మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. 1939 నాటి చట్టం స్థానంలో వచ్చిన 1988 చట్టం 1989 జూలై 1 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం ఏ రాష్ట్రంలో ఇచ్చిన లైసెన్సయినా దేశమంతటా చెల్లుతుంది. అనంతపురంలో లైసెన్సు పొందినవారు బెంగుళూరులో స్థిరపడినా, గువాహటిలో స్థిరపడినా గడువు తీరేవరకు మరో పరీక్షకు కూర్చోనక్కరలేదు. అంతేకాదు, ఒక లైసెన్సు అమలులో ఉండగా మరొకటి కలిగి ఉండటం చట్టవిరుద్ధం.

తప్పు మనిషి వెంట నడవాలన్న ఆలోచనకూడా మన చట్టంలో తొలినుండీ ఉన్నది. అనర్హుడని తీర్పు చెప్పిన న్యాయస్థానం ఆ సంగతిని లైసెన్సు మీదనే వ్రాయిస్తుంది. ఆ చోదకుడు కొత్త లైసెన్సు తీసుకొన్నా, నకలు తీసుకొన్నా ఆ వ్రాత దానిమీదికి ఎక్కవలసిందే. వేరొక కార్యాలయం ఇచ్చిన లైసెన్సును రద్దుచేసిన అధికారి, దానిని మొదట ఇచ్చిన కార్యాలయానికి ఆ సంగతి తెలియజేయాలి.

సిద్ధాంతం నిర్దుష్టమే. లోపం అమలులో ఉండేది. లైసెన్సు పుస్తకాలు చేతివ్రాతతో ఉన్న రోజులలో ఒక జిల్లాలో వ్రాసినది మరో జిల్లాకే తెలిసేది కాదు. ఇక మరో రాష్ట్రం మాట చెప్పనక్కరలేదు. మచ్చపడిన లైసెన్సు పోయిందని చెప్పి, వేరొక ఊరి చిరునామాతో కొత్తదానికి దరఖాస్తు పెట్టుకొనేవారిని పట్టుకొనే సాధనం గుమాస్తా వద్ద ఉండేది కాదు. జాతీయ సమాచార కేంద్రం లైసెన్సుల కోసం ‘సారథి’ని, వాహనాల కోసం ‘వాహన్’ను రూపొందించిన తరువాత ఈ పరిస్థితి క్రమంగా మారింది. అన్ని రాష్ట్రాలూ ఒకేసారి ఈ గొడుగు క్రిందికి రాలేదు. తెలంగాణ వంటివి చాలాకాలం తమ సొంత కంప్యూటరు వ్యవస్థలనే నడుపుకొన్నాయి. 2019 సవరణ చట్టం లైసెన్సులకు, వాహనాలకు జాతీయ పట్టికలు ఉండాలని నిర్దేశించింది. అనర్హత పొందిన, రద్దయిన లైసెన్సుల వివరాలను ఎప్పటికప్పుడు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్న నిబంధన 2020 అక్టోబరు నుండి అమలులోకి వచ్చింది.

మనిషి వెంట ఒకటి, బండి వెంట ఒకటి

అయితే మన దేశంలో వెంటాడేది ఒక్క చరిత్ర కాదు, రెండు. లైసెన్సు మనిషిని అంటిపెట్టుకొని ఉంటుంది. చలానా అధిక భాగం బండిని అంటిపెట్టుకొని ఉంటుంది. కూడలిలోని కెమెరా చూసేది చోదకుని ముఖాన్ని కాదు, బండి నంబరును. కనుక సూచన వెళ్ళేది సొంతదారునికి. ఆ సమయంలో బండి నడిపినది తాను కాకపోతే, నడిపినది ఎవరో చెప్పవలసిన బాధ్యత చట్టం అతనిమీదనే పెట్టింది. కెమెరా పట్టిన నేరానికి 15 రోజులలోగా సూచన పంపాలని 2021 ఆగస్టులో కేంద్రం నియమం చేసింది.

బండి రాష్ట్రం దాటినప్పుడు మరో ముడి పడుతుంది. వాహనాలపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. అందువల్ల లైసెన్సుకు లేని సరిహద్దు బండికి ఉన్నది. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి పాత రాష్ట్రం ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. ఆ పత్రం ఇచ్చేముందు ఆ బండిపై దొంగతనపు కేసు లేదని పోలీసుల నివేదిక తెప్పించుకోవాలి. ప్రభుత్వానికి రావలసిన బాకీలన్నీ చెల్లాయో లేదో చూడాలి. చాలాచోట్ల పాత చలానాలు పైకి తేలేది ఇక్కడనే. మూడేళ్ళ క్రితం ఎర్రదీపం దాటిన సంగతి సొంతదారు మరచిపోయినా, కార్యాలయంలోని కంప్యూటరు మరచిపోదు.

తెలుగువారికి ఈ విషయంలో ఒక విచిత్రమైన అనుభవం కలిగింది. 2014 జూన్ 2న వారు మకాం మార్చలేదు. సరిహద్దే కొత్తగా వెలసింది. హైదరాబాదులో ‘ఏపీ’ అక్షరాలతో నమోదైన లక్షలాది బండ్లు ఉన్నచోటనే ఉండగా, వాటి ప్రక్కన ‘టీఎస్’ అక్షరాల బండ్లు వచ్చి చేరాయి. 2024 మార్చి నుండి ‘టీజీ’ అక్షరాలు వచ్చాయి. ఒకే వీధిలో మూడు రకాల నంబర్లు. వాటిని చూసి బండి ఏ రాష్ట్రానిదో చెప్పడం ఇప్పుడు పోలీసులకే సులభం కాదు.

తరచుగా బదిలీలయ్యే ఉద్యోగుల కోసం 2021 సెప్టెంబరు 15 నుండి ‘బీహెచ్’ శ్రేణి నంబర్లు అమలులోకి వచ్చాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, రక్షణ సిబ్బంది, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలున్న సంస్థల ఉద్యోగులు ఈ నంబరు కోరవచ్చు. రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కరలేదు. దీనివల్ల పన్నుల చిక్కు తీరింది. చలానాల చిక్కు మాత్రం తీరలేదు. నంబరు మారని బండికి పాత తప్పు మరింత సులభంగా దారి కనుక్కుంటుంది.

జరిమానాల మొత్తాలు కూడా ఇప్పుడు ఉపేక్షించదగినవి కావు. 2019 సెప్టెంబరు 1 నుండి, మత్తులో నడిపినందుకు తొలి నేరానికి 10,000 రూపాయలు, లైసెన్సు లేకుండా నడిపినందుకు 5,000 రూపాయలు జరిమానా పడవచ్చు. బాకీలు పేరుకుపోయినప్పుడు ప్రభుత్వాలు రాయితీలు ప్రకటించడమూ ఉన్నది. తెలంగాణ 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల చలానాలపై 75 శాతం, 2023 డిసెంబరు చివరలో 80 శాతం తగ్గించింది. కర్ణాటక 2023 ఫిబ్రవరిలో సగానికి సగం తగ్గించింది. కాని ఒక రాష్ట్రపు ఔదార్యం మరో రాష్ట్రపు బాకీని తీర్చదు. సకాలంలో కట్టినవానికి పూర్తి భారం, ఎగవేసినవానికి రాయితీ ఏమిటన్న విమర్శకు ప్రభుత్వాలు ఇంతవరకు సరియైన సమాధానం చెప్పలేదు.

మకాం మార్చేవారు చేయవలసినవి

ఇల్లు ఖాళీ చేసేముందు కరెంటు బిల్లు, పాలవాని బాకీ తీర్చినట్లే బండి బాకీ కూడా చూసుకోవడం మంచిది. ప్రభుత్వ పోర్టల్‌లో బండి నంబరుతోనూ, లైసెన్సు నంబరుతోనూ వేర్వేరుగా వెతకాలి. ఒకదానిలో కనబడనిది మరొకదానిలో కనబడవచ్చు. చలానా అన్యాయమని తోస్తే ఫొటోను, స్థలాన్ని, తేదీని పరిశీలించి అభ్యంతరం తెలపాలి. మౌనంగా ఊరుకుంటే వ్యవహారం న్యాయస్థానానికి పోతుంది. 2019లో ఢిల్లీలో మొదలై ఇతర రాష్ట్రాలకు విస్తరించిన వర్చువల్ కోర్టుల మూలంగా చిన్న నేరాల జరిమానాలను పాత ఊరికి వెళ్ళకుండానే చెల్లించే వీలు కలిగింది.

బండిని అమ్మివేసి వెళ్ళేవారు మరింత జాగరూకులై ఉండాలి. కొన్నవాడు కాగితాలు మార్పించుకుంటాడులే అని తాళాలు చేతికిచ్చి వెళ్ళిపోవడం మనలో చాలామందికి అలవాటు. కాని పుస్తకంలో పేరు మారేవరకు చట్టం దృష్టిలో సొంతదారు అమ్మినవాడే. కొన్నవాడు చేసిన ప్రతి తప్పుకూ సూచన వచ్చేది అతనికే. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజులలోగా, మరో రాష్ట్రం వారికి అమ్మితే 45 రోజులలోగా అమ్మకపు సంగతి అధికారులకు తెలపాలి. చలానా పేరుతో ఫోనుకు వచ్చే దొంగ సందేశాల విషయంలోనూ మెలకువ అవసరం. అందులోని లింకు నొక్కక, ప్రభుత్వ వెబ్‌సైటును స్వయంగా తెరచి చూసుకొనడమే క్షేమం.

క్షమకు కూడా గడువున్నది

తప్పు మనిషిని జీవితాంతం వెంటాడటం న్యాయమేనా అన్న సందేహం ఎవరికైనా కలుగవచ్చు. ఇరవై రెండేళ్ళ వయసులో చేసిన దుడుకుతనానికి నలభైయవ ఏట జవాబు చెప్పుకోవలసిందేనా? 1988 చట్టం దీనికి చక్కని సమాధానం చెప్పింది. లైసెన్సుపై మచ్చ పడినవాడు, ఆ తరువాత వరుసగా మూడేళ్ళు మరో మచ్చ పడకుండా నడుచుకొంటే, పాత లైసెన్సును అప్పగించి మచ్చలేని కొత్త లైసెన్సు పొందే హక్కు అతనికి ఉన్నది. తప్పు కేవలం వేగపరిమితి మీరడమే అయితే ఒక్క ఏడాది చాలు. అయితే అనర్హుడుగా ఇంట కూర్చున్న కాలం ఈ లెక్కలోకి రాదు. రోడ్డుకు దూరంగా ఉన్నందుకు కాక, రోడ్డుమీద సక్రమంగా నడుచుకొన్నందుకే క్షమ లభిస్తుంది.

ఇక్కడ చట్టం ఆశిస్తున్నదేమిటో స్పష్టమవుతున్నది. ఊరు మారినందువల్ల తప్పు మాసిపోదు. నడవడి మారితే మాసిపోతుంది. మొదటిదానికి ఒక లారీలో సామాను సర్దితే చాలు. రెండవదానికి మూడేళ్ళు పడుతుంది. రోడ్డుమీద ఎదురుగా వచ్చే అపరిచితుని ప్రాణాన్ని కాపాడేది ఈ రెండవదే.